ఇంటి గుట్టు ఎవరి సొత్తు?

మూడేళ్ళ కిందట ఇక్కడే ఒక పోస్టు రాశాను. ఇప్పుడు వెతికినా కనపడదు, తీసేశాను. సంక్రాంతికి అత్తగారింట్లో అందరం చేరినప్పుడు, అర్ధరాత్రి దాకా అరిసెలు వత్తుతూ మా తోటికోడలు నాతో చెప్పుకున్న కష్టం గురించి రాసిన పోస్టు అది. పేరు రాయలేదు, ఊరు రాయలేదు. "నాకు తెలిసిన ఒకావిడ" అని మొదలుపెట్టాను. చదివినవాళ్ళు కళ్ళు చెమర్చాయన్నారు, మా ఇంటి కథే అన్నారు. రెండు రోజులు నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

నాలుగో రోజు అక్క ఫోన్ చేసింది. మా ఆడపడుచు కూతురు చదివి వాళ్ళమ్మకి పంపిందట. అక్కడి నుంచి అది ఇల్లిల్లూ తిరిగి మా అత్తగారి దాకా వెళ్ళింది. అక్క కోప్పడలేదు, అరవలేదు. "నేను ఏడ్చింది నీ దగ్గరమ్మా, ఊరందరి దగ్గరా కాదు" అని పెట్టేసింది.

ఆ తరవాత పోస్టు తీసేశాను, వెళ్ళి క్షమించమన్నాను. "సరేలే" అంది. అప్పటి నుంచి మా మధ్య మాటలున్నాయి గానీ కబుర్లు లేవు. పండక్కి కలిస్తే పిల్లల చదువులూ, కూరలూ, బంగారం ధరా మాట్లాడుకుంటాం. ఆవిడ నా ముందు మళ్ళీ ఎప్పుడూ కంటతడి పెట్టలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న సెలవులకి మా అమ్మాయి హాస్టల్ నుంచి తెచ్చిన పుస్తకాల్లో ఒకటి చదివాను. పేరు 'ది బుక్‌సెల్లర్ ఆఫ్ కాబూల్'. రాసినావిడ ఓస్నే సైయర్‌స్టాడ్, నార్వే దేశపు జర్నలిస్టు. చదువుతున్నంతసేపూ అక్క మాట చెవిలో మోగుతూనే ఉంది. అందుకే ఆవిడ కథా, నా కథా కలిపి రాస్తున్నాను. ఆవిడతో పోల్చుకునేంత దాన్ని కాదు. చేసిన పని మాత్రం ఇద్దరిదీ ఒకలాంటిదే.

ముందు ఆవిడ గురించి చెప్పాలి. 1970లో పుట్టింది. యూనివర్సిటీలో రష్యన్ భాష నేర్చుకుంది. ఇరవై నాలుగేళ్ళకే మాస్కోలో నార్వే పత్రికకి విలేకరిగా ఉంటూ చెచెన్యా యుద్ధం చూడ్డానికి వెళ్ళింది. ఆ తరవాత కొసావో, సెర్బియా. 2001లో అఫ్గానిస్తాన్. 2003లో అమెరికా బాంబులు పడుతున్నప్పుడు బాగ్దాద్. మనం టీవీలో చూసి ఛానెల్ మార్చేసిన చోట్లన్నిట్లోనూ ఈవిడ ఉంది.

యుద్ధవార్తలు రాసేవాళ్ళు చాలామందే ఉంటారు. ఈవిడ పద్ధతి వేరు. ఊరి బయట హోటల్లో దిగి, నలుగురిని పలకరించి, సాయంత్రానికి వార్త పంపేసే రకం కాదు. మనుషుల ఇళ్ళలో దిగుతుంది. వాళ్ళ పక్కన పడుకుంటుంది, వాళ్ళు తినేదే తింటుంది. నెలల తరబడి ఉండి, వాళ్ళు ఆవిడ పరాయిదన్న సంగతి మరిచిపోయాక కనపడేది రాస్తుంది. 2006లో చెచెన్యాకి మళ్ళీ వెళ్ళినప్పుడైతే అక్కడి ఆడవాళ్ళలా బట్టలు కట్టుకుని దొంగతనంగా వెళ్ళి, యుద్ధంలో దిక్కులేనివాళ్ళైన పిల్లల్ని చేరదీసి సాకుతున్న ఒకావిడ ఇంట్లో ఉంది.

నిజం చెప్పొద్దూ, ఈ పద్ధతి నాకు భలే నచ్చింది. యుద్ధమంటే మగవాళ్ళు రాసిన రాతల్లో ట్యాంకులూ, సరిహద్దులూ, ఒప్పందాలూ ఉంటాయి. ఆ రాత్రి ఆ ఇంట్లో నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయి, కరెంటు లేకుండా రొట్టె ఎలా కాల్చారు, పసిపిల్లకి జ్వరమొస్తే ఎవరు మోసుకెళ్ళారు, ఇవి ఉండవు. వంటింట్లోకి రానిచ్చేది ఆడమనిషినే. కాబూల్ ఇంట్లో ఈవిడకి రెండు వైపులా చోటు దొరికింది. విదేశీయురాలు కాబట్టి మగవాళ్ళతో కూర్చోనిచ్చారు, ఆడది కాబట్టి లోపలి గదుల్లోకి రానిచ్చారు. అక్కడి మగవాడికైనా, బయటి నుంచి వచ్చిన మగ విలేకరికైనా దొరకని చోటు అది.

ఆ ఇంటికి ఎలా వెళ్ళిందంటే, 2001 నవంబరులో తాలిబన్లు కాబూల్ వదిలి పారిపోయినప్పుడు, వాళ్ళతో పోరాడిన ఉత్తరాది సైన్యంతో కలిసి ఆరు వారాలు తిరిగి నగరంలో అడుగు పెట్టింది. అక్కడ ఒక పుస్తకాల కొట్టు. ఆ యజమాని అసాధ్యుడు. కమ్యూనిస్టులు, ముజాహిదీన్లు, తాలిబన్లు, ఎవరు రాజ్యమేలినా పుస్తకాలు దాచి కాపాడినవాడు. జైలుకెళ్ళాడు. తన పుస్తకాలు వీధిలో తగలబెడుతుంటే చూశాడు. ఒకరోజు ఈవిడని ఇంటికి భోజనానికి పిలిచాడు. చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. ఆయనా కొడుకులూ కబుర్లు చెబుతున్నారు, ఆడవాళ్ళు మాత్రం నోరు మెదపడం లేదు. వీళ్ళ గురించి పుస్తకం రాస్తే, అన్న ఆలోచన ఆవిడకి అప్పుడు వచ్చింది. మర్నాడే వెళ్ళి అడిగింది. ఆయన సరేనన్నాడు. 2002 ఫిబ్రవరిలో ఆ ఇంట్లో దిగింది.

రష్యావాళ్ళ కాలంలో కట్టిన అపార్ట్‌మెంట్లో ఇరుకు గదులు, నిండా మనుషులు. ఈవిడకి పక్క వేసింది ఆయన చిన్న చెల్లెలి పక్కన, నేల మీద. పుస్తకంలో ఆ అమ్మాయి పేరు లైలా, పందొమ్మిదేళ్ళది. అతిథిని చూసుకునే బాధ్యత ఆ పిల్లదే. మొదటి రాత్రే నువ్వు నా చంటిపిల్లవి, నిన్ను నేను చూసుకుంటాను అన్నదట.

ఆ పిల్ల గురించి చదువుతుంటే మన ఇళ్ళు గుర్తుకొచ్చాయి. అందరికంటే ముందు లేస్తుంది, అందరికంటే వెనక పడుకుంటుంది. ఇంట్లో అన్న, అన్న కొడుకులు, తల్లి, అందరూ కేకేసేది ఆమెనే. నా బట్టలేవి, అన్నమేది, బూట్లు తుడవలేదేం... టీచరు ఉద్యోగం చెయ్యాలని ఆ పిల్ల కోరిక. దానికోసం కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది. ఆ కాగితం తెమ్మంటారు, ఈ సంతకం లేదంటారు. ఒకబ్బాయి రహస్యంగా రాసిన ఉత్తరాలు చదువుకుని గుండె దడతో కాల్చేసుకునే పిల్ల.

పుస్తకాల కొట్టాయన యాభై దాటాక పదహారేళ్ళ అమ్మాయిని రెండో పెళ్ళి చేసుకుంటాడు. చదువుకున్న మొదటి భార్య పాకిస్తాన్‌లో ఒంటరిగా ఇల్లు కాపలా కాస్తూ ఉంటుంది. పన్నెండేళ్ళ కొడుకు బడికి పోకుండా రోజంతా ఒక హోటల్లో చీకటి కొట్లో కూర్చుని సరుకు అమ్ముతాడు. పుస్తకాల కోసం ప్రాణాలకి తెగించిన ఆ మనిషి సొంత కొడుకుని చదువుకోనివ్వడు. పేదరికంతో పోస్టుకార్డులు దొంగిలించిన వడ్రంగిని, కుటుంబమంతా కాళ్ళ మీద పడ్డా జైలుకి పంపిస్తాడు. లోకానికి వీరుడు, ఇంట్లో సుల్తాను. ఇలాంటివాళ్ళని మనలో ప్రతివాళ్ళం ఒకరిద్దర్నైనా చూసే ఉంటాం. వేదికల మీద స్త్రీల గురించి చక్కగా మాట్లాడి ఇంటికొచ్చి, మంచినీళ్ళు చేతికందించలేదని కంచం విసిరే పెద్దమనుషులు మన దగ్గరా ఉన్నారు. తన జీవితంలో ఆ ఇంట్లో పడ్డంత కోపం పడింది చాలా అరుదని, అంతగా పోట్లాడింది కూడా అరుదేనని సైయర్‌స్టాడ్ ముందుమాటలో రాసుకుంది. నేనైతే పుస్తకం పక్కన పడేసి రెండుసార్లు వరండాలోకి వెళ్ళి నడిచాను.

2002లో నార్వేలో పుస్తకం వచ్చింది, మర్నాటికల్లా అన్నట్టు ప్రపంచమంతా పాకింది. పదుల భాషల్లోకి వెళ్ళింది. పేర్లు మార్చింది నిజమే. ఆయన్ని సుల్తాన్ ఖాన్ అంది. కానీ కాబూల్‌లో అలాంటి పుస్తకాల కొట్టాయన ఎంతమంది ఉంటారు? అందరికీ తెలిసిపోయింది. నేను "నాకు తెలిసిన ఒకావిడ" అన్నట్టే ఉంది ఆ ముసుగు. ఎవరికి తెలియకూడదో సరిగ్గా వాళ్ళకే మొదట తెలుస్తుంది.

ఆయన, షా ముహమ్మద్ రయీస్, మండిపడ్డాడు. నార్వే వెళ్ళి మా పరువు తీశావన్నాడు. తన కథ తానే చెప్పుకుంటూ ఒక పుస్తకం కూడా వేశాడు. ఆయన కోపం మీద నాకు పెద్ద జాలి లేదు. ఇంటి పరువు పోయిందని గుండెలు బాదుకునే మగవాడిని చూస్తే, ఆ పరువు ఎవరి వీపు మీద నిలబడింది నాయనా అని అడగాలనిపిస్తుంది.

నన్ను ఆపేసింది వేరే సంగతి. నార్వే కోర్టులో దావా వేసింది ఆయన రెండో భార్య. అవును, ఆ పదహారేళ్ళకి పెళ్ళైన అమ్మాయే. ఎవరి తరఫున మాట్లాడుతున్నానని రచయిత్రి అనుకుందో ఆ ఆడమనిషే వచ్చి, నా మనసులో ఏముందో నువ్వెలా రాశావు, నా పెళ్ళి గురించి నా ఆలోచనలంటూ నువ్వు రాసినవి నావి కావు, అంది. 2010లో ఓస్లో కింది కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చి పరిహారం కట్టమంది. 2011లో పై కోర్టు ఆ తీర్పు కొట్టేసి రచయిత్రి తప్పు లేదంది. 2012లో సుప్రీంకోర్టు కేసు తీసుకోనంది. చట్టం లెక్కన సైయర్‌స్టాడ్ గెలిచింది.

భర్త చెప్పి వేయించాడులే, ఆ అమ్మాయికి సొంత నోరెక్కడిది అనేవాళ్ళుంటారు. అయ్యుండొచ్చు. కానీ ఆ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు. ఆడమనిషి మనకి నచ్చినట్టు మాట్లాడితే సొంత గొంతు, నచ్చనట్టు మాట్లాడితే మొగుడి గొంతు అనడం న్యాయమేనా? మా అక్క ఫోన్ చేసినప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన కూడా అదే. బావగారే అనిపించి ఉంటారు అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ పుస్తకంలో నాకు అభ్యంతరమనిపించినవి రెండున్నాయి.

మొదటిది, ఆ ఇంట్లో మూడు నెలల పైన ఉన్న మనిషి, పుస్తకంలో ఎక్కడా లేదు. ముందుమాట అయ్యాక మాయమైపోతుంది. కథ నవలలా సాగుతుంది. ఆమె ఇలా అనుకుంది, అతను ఇలా బాధపడ్డాడు అని. ఆవిడకి వాళ్ళ దరీ భాష రాదు. ఇంట్లో ఇంగ్లీషు వచ్చిన ఆ ముగ్గురు, ఇంటాయన, ఆయన కొడుకు, లైలా, చెప్పిందే ఆధారం. అది ముందుమాటలో తనే ఒప్పుకుంది. కానీ కథలోకి వచ్చేసరికి అందరి మనసుల్లోకీ దూరిపోయి రాసింది. నేల మీద పక్క వేసుకున్న అతిథి, కోపంతో పళ్ళు నూరుతున్న అతిథి, తెల్లారి లైలా తెచ్చిన టీ తాగిన అతిథి కూడా కథలో ఉండి ఉంటే, ఇది ఆ ఇల్లు ఒక నార్వే ఆడపిల్లకి కనపడిన తీరు అని మనం అనుకుని ఉండేవాళ్ళం. ఆవిడ లేకపోవడంతో ఇదే ఆ ఇంటి నిజమన్నట్టు అయింది. మనకి రోజంతా చాకిరీ చేసిన పిల్ల చాకిరీ గురించి రాసేటప్పుడు, ఆ చాకిరీలో కొంత మనకోసం కూడా చేసిందని చెప్పాలా వద్దా?

నా పోస్టులో నేనూ అదే చేశాను. అక్క కష్టం అంతా రాశాను. ఆ రాత్రి ఆవిడ ఏడుస్తుంటే నేను ఏం చేశానో రాయలేదు. ఏమీ చెయ్యలేదు కాబట్టి రాయలేదు. మర్నాడు పొద్దున అత్తగారి ముందు ఆవిడ తరఫున ఒక్క మాట అనాల్సిన సందర్భం వచ్చింది, కాఫీ గ్లాసులు తీసే వంకతో లోపలికి వెళ్ళిపోయాను. ఆ ముక్క రాసుంటే చదివినవాళ్ళు నన్ను మెచ్చుకునేవాళ్ళు కాదేమో.

రెండోది, చెప్పడానికీ చూపించడానికీ మధ్య గీత. పుస్తకంలో ఆడవాళ్ళ స్నానశాల గురించి ఒక భాగం ఉంది. ఇంటాయన తల్లి, ముసలావిడ, ఆవిడ శరీరం ఎలా ఉందో కూడా రాసింది. లైలాకి వచ్చిన రహస్యపు ఉత్తరాల సంగతి రాసింది. బయట పడితే ఆ పిల్లకి ఆ ఇంట్లో ఏమవుతుంది? అమ్మాయి నడతకే ప్రాణాలు తీసే సందర్భాలు అక్కడ ఉన్నాయని అదే పుస్తకంలో మరో చోట ఈవిడే చెప్పింది. ఆ లెక్కన, ఆ ఉత్తరాల వల్ల ముప్పు ఎంతో రాసినావిడకే అందరికంటే బాగా తెలుసు.

ఇక్కడి దాకా చదివి, అయితే ఆడవాళ్ళ కష్టాలు ఎవరూ రాయకూడదంటావా అని మీరు అడుగుతారు. నేనూ నన్ను అదే అడుగుకున్నాను. ఇంటి గుట్టు లంకకు చేటు అని చిన్నప్పటి నుంచీ మనకి నూరిపోశారు. ఆ సామెత ఎవరి కోసం పుట్టిందో చూడండి. గుట్టు బయటపడితే చెడేది లంక, రావణుడి కొలువు. అశోకవనంలో కూర్చున్న సీతకి గుట్టు బయట పడితేనే మేలు. ప్రతి ఇంట్లోనూ అంతే. గుట్టు వల్ల ఎప్పుడూ లాభపడేది దెబ్బ కొట్టినవాడే, దెబ్బ తిన్నవాళ్ళు కాదు. నాలుగు గోడల మధ్య సంగతి నాలుగు గోడల మధ్యే ఉండాలన్న మాట ఎంతమంది ఆడపిల్లల్ని మింగిందో మనకి తెలుసు. కాబట్టి రాయొద్దు అనే మాటకి నేను ఒప్పుకోను. ఆ పుస్తకం లేకపోతే లైలా లాంటి పిల్ల ఒకతి ఉందని వంటింట్లో కూర్చున్న నాకు తెలిసేదే కాదు.

మరి దారేమిటి? నాకు తోచినంతలో ఆ దారి సైయర్‌స్టాడ్ తరవాత రాసిన పుస్తకాల్లోనే కనపడింది. అందుకే ఆవిడంటే నాకు గౌరవం పెరిగింది.

2011 జులై 22న నార్వేలో ఆండర్స్ బ్రేవిక్ అనేవాడు ఓస్లోలో బాంబు పెట్టి 8 మందిని, ఉటోయా అనే దీవిలో వేసవి శిబిరానికి వచ్చినవాళ్ళలో 69 మందిని చంపాడు. వాళ్ళలో ఎక్కువమంది ఇరవై నిండని పిల్లలు. ఇన్నాళ్ళూ పరాయి దేశాల యుద్ధాలు రాసిన మనిషికి తన దేశంలోనే రాయాల్సి వచ్చింది. 'వన్ ఆఫ్ అస్', అంటే మనలో ఒకడు, ఆ పుస్తకం పేరు. ఈసారి ఆవిడ దిగింది రెండు రకాల లోకాల్లో. ఒకటి ఆ హంతకుడు తిరిగిన చిన్న చిన్న గుంపుల లోకం. కుర్రతనంలో రాత్రిళ్ళు గోడల మీద రంగులతో పేర్లు రాసుకునే ముఠా, తరవాత ఒక పార్టీ యువజన విభాగం, తరవాత రోజుల తరబడి కంప్యూటర్ ఆటలు, చివరికి ఇంటర్నెట్‌లో ద్వేషం నూరుకునే గుంపులు. ప్రతి చోటా నలుగురిలో ఒకడు కావాలని చూడటం, ఎవరూ కలుపుకోకపోవడం.

అమ్మలం కదా, నా మనసు అతని తల్లి దగ్గరే ఆగిపోయింది. భర్తతో విడిపోయి ఒంటరిగా ఇద్దరు పిల్లల్ని పెంచలేక సాయం అడిగిన మనిషి. వాడికి నాలుగేళ్ళప్పుడు, 1983లో, పిల్లల మానసిక వైద్యకేంద్రంలో చూసినవాళ్ళు ఈ పిల్లవాడిని ఈ ఇంట్లో ఉంచకండి అని రాసిచ్చారు. అది జరగలేదు. ఇరవై ఏడేళ్ళప్పుడు, 2006లో, మళ్ళీ తల్లి ఇంటికే వచ్చి ఒక గదిలో తలుపేసుకున్నాడు. ఆవిడ అన్నం వండుతూ, చుట్టాలకి వాడు కంప్యూటర్ మీద ఉన్నాడని చెబుతూ గడిపింది. పక్క గదిలో ఏం పెరుగుతోందో ఆవిడకి తెలియదు. మన ఇళ్ళలో కూడా తలుపు వేసి ఉన్న గదులున్నాయి. భయపెట్టడానికి అనడం లేదు. నేను మాత్రం ఆ పేజీలు చదివాక మా అబ్బాయి గది తలుపు తట్టి, ఏం ఆడుతున్నావురా, నాకూ చూపించు అని పక్కన కూర్చున్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. వాడు మాత్రం నవ్వాడు.

రెండో లోకం, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులది. ఇరాక్ నుంచి తప్పించుకుని నార్వే చేరిన ఒక కుర్దు కుటుంబం. ఇక బతికిపోయామనుకున్న చోట పద్దెనిమిదేళ్ళ కూతురు పోయింది. ఇలాంటి ఇళ్ళలోకి వెళ్ళినప్పుడు సైయర్‌స్టాడ్ కాబూల్‌లో చెయ్యని పని చేసింది. రాసింది అచ్చు వెయ్యక ముందే ఆ తల్లిదండ్రులకి ఇచ్చి, మీ పిల్లల గురించి ఇది రాశాను, చదవండి అంది. బిడ్డ ఆఖరి నిమిషాలు ఎలా గడిచాయో ఉన్న కాగితాలు అవి. అవి చదివి, ఉండనివ్వండి అన్న ఆ అమ్మల్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

2016లో 'టూ సిస్టర్స్' రాసింది. సోమాలియా నుంచి వచ్చి నార్వేలో స్థిరపడిన కుటుంబం. ఆడపిల్లలు మన మతం, మన పద్ధతులు మరిచిపోతున్నారని తల్లికి బెంగ. ఖురాన్ చెప్పడానికి ఒక పంతుల్ని పెట్టారు. పిల్లలు పద్ధతిగా తయారవుతున్నారని మురిసిపోయారు. 2013 అక్టోబరులో పందొమ్మిదేళ్ళదీ, పదహారేళ్ళదీ, ఇద్దరూ ఇల్లు వదిలి సిరియా యుద్ధంలోకి వెళ్ళిపోయి, మెయిల్ పంపారు. తండ్రి వెతుక్కుంటూ సిరియా వెళ్ళి చావు తప్పి తిరిగొచ్చాడు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మన చెల్లెళ్ళు, పిల్లలు మన పద్ధతులు మరిచిపోతారేమో అని శనాదివారాలు తరగతులకి పరిగెత్తించడం చూస్తూనే ఉన్నాం. బెంగ అదే. ఆ తల్లి చేసింది అందులో ఒక్క మెట్టు కూడా ఎక్కువ కాదు. ఆ ఇంటి కథా ఆ తల్లిదండ్రుల సమ్మతితోనే బయటికి వచ్చింది. తర్వాతి పిల్లల తల్లులకి ఉపయోగపడుతుందనే ఆ కథ చెప్పుకున్నారు.

చూపించి రాస్తే అందరూ తమ తప్పులు కొట్టేస్తారు, ఇక నిజమేం మిగులుతుంది అని ఒక వాదన ఉంది. ఈ రెండు పుస్తకాలూ చదివితే ఆ భయం పోతుంది. తమ పొరపాట్లు కూడా ఉండనిచ్చారు ఆ తల్లిదండ్రులు. అడిగితే మనుషులు మనం అనుకున్న దానికంటే ఎక్కువే ఇస్తారు.

కానీ కాబూల్ లాంటి ఇంట్లో ఎవరిని అడగాలి? ఇంటాయన్ని అడిగితే చాలదని ఆ పుస్తకమే రుజువు. ఆయన సరేనన్నాడు కాబట్టి ఇల్లంతా సరేనన్నట్టే అనుకోవడంలోనే తిరకాసుంది. ఎవరి కష్టం రాస్తున్నామో వాళ్ళనే విడిగా అడగాలి. లైలాని అడిగి ఉంటే, టీచరు ఉద్యోగం సంగతి రాయండి, ఉత్తరాల సంగతి వద్దు అనేదేమో. ఆ పిల్ల స్వేచ్ఛగా చెప్పగలిగే పరిస్థితి లేకపోతే, అసలు ఆ ఉత్తరాలు తీసేయడమే మర్యాద. పుస్తకానికి ఒక అధ్యాయం తగ్గేది, అంతే కదా.

సైయర్‌స్టాడ్ 2021లో తాలిబన్లు మళ్ళీ వచ్చాక అఫ్గానిస్తాన్ వెళ్ళి, ఆడపిల్లల చదువు కోసం పోరాడినావిడ గురించీ, ఒక తాలిబన్ నాయకుడి గురించీ, లా చదువు ఆగిపోయిన ఒక అమ్మాయి గురించీ 'ది అఫ్గాన్స్' అనే పుస్తకం రాసింది. కోర్టుల్లో అంత నలిగాక కూడా ఆ దేశానికే తిరిగి వెళ్ళింది. తప్పు చేశానని పని మానేయకుండా, పని చేసే తీరు మార్చుకుంది. నేను పోస్టు తీసేసి, మూడేళ్ళు పండగ వంటలూ, పిల్లల పరీక్షలూ తప్ప ఏమీ రాయకుండా కూర్చున్నాను. అదే మంచితనమనుకున్నాను. ఇప్పుడు చూస్తే అది భయం.

అందుకని పోయిన ఆదివారం ఈ వ్యాసం అచ్చు తీసుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని మొత్తం చదివింది. పెన్ను అడిగింది. మొదట్లో రెండు వాక్యాలు కొట్టేసింది. అవేమిటో మీకు తెలియవు, తెలియనక్కర్లేదు. కాఫీ గ్లాసుల ముక్క దగ్గర ఆగి, "ఇది నాకప్పుడే తెలుసు. నువ్వు లోపలికెళ్ళడం చూశాను" అంది. నాకేం మాట్లాడాలో తెలియలేదు.

"తీసెయ్యనా అక్కా?" అన్నాను.

"వద్దు, ఉండనీ. అది నీది కదా" అంది.

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, ఈ సంక్రాంతికి అరిసెలకి బియ్యం తనే నానబోస్తానంది, రెండు రోజులు ముందే రమ్మంది.